కాళ్ళు వెచ్చబడేదాకా

మా కాలేజీ వెనక సందులో పుస్తకాలు బైండు చేసే ఒకాయన ఉన్నాడు. అందరూ ఆయన్ని బైండింగాయన అనే అంటారు. కాలేజీ లైబ్రరీ తాళాలు నా చేతికొచ్చి ఇరవై ఏళ్ళు. అప్పటినుంచీ చిరిగిన పుస్తకాలన్నీ ఆయన దగ్గరికే పంపుతున్నాను. నెలకు రెండుసార్లయినా ఎదురుపడతాం. "దీనికి గుడ్డ వేద్దామా, రెక్సినా?" అని ఆయన అడుగుతాడు. "మీ ఇష్టమండీ" అని నేనంటాను. ఇన్నేళ్ళలో మేం మాట్లాడుకున్నదంతా కలిపినా ఒక పేజీ నిండదు. ఆయనకు ఒకప్పుడు పెళ్ళయిందన్న సంగతి నాకు పోయిన ఏడాది దాకా తెలియదు. అడగలేదు. అడగాలని తోచనూ లేదు.

ఇక్కడ చెప్పబోయేదంతా ఆ తర్వాత ఆయనే ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఆయన దాటేసినవి కొన్ని పక్కకొట్టు జిరాక్స్ ఆవిడ చెప్పింది.

ఆయనకు అరవై నాలుగేళ్ళు. ఉండేవి రెండు గదులు. ముందుది కొట్టు, వెనకది ఇల్లు. కొట్టులో ఒక మూల కాగితం కోసే మిషను, ఇంకో మూల పుస్తకాలను బిగించే ఇనప మర. మైదాతో జిగురు తనే ఉడికించుకుంటాడు. పురుగు పట్టకుండా అందులో కాస్త మైలుతుత్తం వేస్తాడు. అందుకని ఆయన వేళ్ళ సందుల్లో ఎప్పుడూ ఒక నీలి చార ఉంటుంది. వెనక గదిలో ఒక మంచం, ఒక స్టవ్వు, ఒక కుర్చీ. కుర్చీ మీద బట్టలుంటాయి. ఎవరైనా వస్తే ఆ బట్టలు తీయాలి. చాలా ఏళ్ళుగా తీయాల్సిన అవసరం రాలేదు.

కాలేజీ పిల్లలు పరిశోధన గ్రంథాలు బైండింగుకు తెస్తారు. వాటిలో ఏముందో ఆయన పట్టించుకోడు. కానీ ప్రతిదాంట్లో ఒక్క పేజీ మాత్రం చదువుతాడు, కృతజ్ఞతల పేజీ. మా అత్తగారు పాపను చూసుకోకపోతే ఇది పూర్తయ్యేది కాదని ఒకమ్మాయి రాస్తుంది. మా అన్నయ్య తన చదువు మానుకుని నన్ను చదివించాడని ఒకతను రాస్తాడు. ఆయన అది చదివి, కాగితాలు సర్ది, దబ్బనంతో పొడిచి, దారం వేసి కుట్టేస్తాడు. ఎవరెవరికి ఎవరెవరున్నారో ఈ ఊళ్ళో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో.

పోయిన ఎండాకాలం చివర్లో ఒక వాన పడింది. మర్నాడు పొద్దున ఏడు గంటలకు ఆయన వెనక రేకుల పంచలోకి వెళ్ళాడు. అట్టల కట్టలు అక్కడే పెడతాడు. అడుగున ఉన్న కట్ట తడిసిందేమోనని కిందికి చెయ్యి పోనిచ్చి లాగాడు. కుడిచేతి బొటనవేలి మొదట్లో నిప్పు అంటించినట్టయింది. కట్ట వదిలేశాడు. అట్టల మధ్య నుంచి తేలు బయటికొచ్చింది. చిన్నది. చిటికెన వేలంత కూడా లేదు. ఎర్రమట్టి రంగు. పక్కనున్న చెక్కముక్కతో దాన్ని కొట్టి చంపాడు. అప్పటికి మంట మోచేతి దాకా పాకింది.

ఇంకొకరైతే కేకలు పెట్టేవాళ్ళు. లేదా పట్టించుకోకుండా పనిలో పడేవాళ్ళు. ఆయన ఈ రెండూ చేయలేదు. లోపలికొచ్చి, కుర్చీ మీద బట్టలు తీసి మంచం మీద పడేసి, కూర్చున్నాడు.

ఎందుకు కూర్చున్నాడో తెలియాలంటే ఆయన భార్య సంగతి చెప్పాలి.

ముప్పై ఆరేళ్ళ కిందటి మాట. అప్పుడాయన వేరే ఊళ్ళో ఒక ప్రెస్సులో కంపోజిటరు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి వరసగా పేర్చే పని. పెళ్ళయి మూడేళ్ళు. పిల్లల్లేరు. భార్యకు ఇరవై నాలుగేళ్ళు. ఒకరోజు పొద్దున్నే ఆమె నీళ్ళు కాచడానికి పొయ్యిలోకి పుల్లలు తీస్తుంటే వేలి మీద తేలు కుట్టింది. "అమ్మా!" అని అరుస్తూ పరిగెత్తుకొచ్చింది. ఈయన అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటున్నాడు. ప్రెస్సులో పరీక్షల హాల్ టికెట్ల పని నడుస్తోంది. ఆలస్యంగా వచ్చినవాళ్ళు వచ్చిన దారినే వెళ్ళొచ్చని మేనేజరు ముందురోజే చెప్పాడు.

"తేలేగా! నన్ను మూడుసార్లు కుట్టింది. నాకేమైంది? రాయిలా లేనూ?" అన్నాడు.

"చాలా మంటగా ఉందండీ."

"ఉంటుంది మరి. ముద్దు పెట్టుకోదు కదా తేలు. మధ్యాహ్నానికి అదే దిగిపోతుంది. పడుకో."

అని నవ్వాడు. దువ్వెన జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. చిన్నప్పుడు ఆయన్ని నిజంగానే మూడుసార్లు తేళ్ళు కుట్టాయి. అవి పెద్దవి, నల్లవి. కుట్టిన చోట వాచి, ఒక పూట బాధపెట్టి పోయాయి. ఆమెను కుట్టింది ఏ రంగుదో ఆయన అడగలేదు.

సాయంత్రం అయిదు దాటాక తిరిగొచ్చేసరికి ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరాడటం లేదట. చీర స్నానం చేసినట్టు తడిసిపోయి ఉంది. చేతులు ముట్టుకుంటే కుండలో నీళ్ళలా చల్లగా ఉన్నాయి. పెదాల చివర నురగ. ఆయన్ని చూడగానే, "ఏం కాదు కదండీ?" అంది. దెప్పి పొడవడం కాదు. నిజంగానే అడిగింది. పొద్దున ఆయన చెప్పిన మాట పట్టుకుని పక్కింటివాళ్ళకు కూడా చెప్పకుండా పది గంటలు అలాగే కూర్చుంది.

పక్కింటివాళ్ళ రిక్షాలో దగ్గరున్న చిన్న ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నాడి అందడం లేదని అక్కడ రెండు సీసాల సెలైన్ ఎక్కించారు. చీకటి పడకముందే ఆమె పోయింది.

మర్నాడు అత్తగారు, బావమరిది వచ్చారు. మామగారు అంతకు ముందే పోయారు. బావమరిదికి అప్పటికి ఇరవై ఏళ్ళు. "ఎప్పుడు కుట్టింది బావా?" అని అతనే అడిగాడు.

"నేను పనికెళ్ళాక" అన్నాడు ఈయన.

ఒక్క మాట. ఆ మాట నోట్లోంచి వచ్చాక అత్తగారు ఆయన తల మీద చెయ్యేసి, "నువ్వింట్లో ఉంటే కాపాడుకునేవాడివి నాయనా. మన రాత" అని బావురుమంది. వారం రోజులు ఆయన్ని చంటిపిల్లాడిలా చూసుకుంది. తమ ఇంటికి వెంట తీసుకెళ్ళింది, దగ్గర కూర్చుని తినిపించింది. తిట్టేవాళ్ళయితే ఓర్చుకునేవాడేమో. ఓదార్చేవాళ్ళను భరించలేకపోయాడు. పని ఉందని చెప్పి వచ్చేశాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. వాళ్ళ ఉత్తరాలు నాలుగైదు వచ్చాయి. జవాబు రాయలేదు. తర్వాత ఆ ప్రెస్సు మూతపడింది. ఆయన ఈ ఊరొచ్చి బైండింగు కొట్టు పెట్టుకున్నాడు.

ఇదీ సంగతి. అందుకే ఆ రోజు పొద్దున కుర్చీలో కూర్చున్నాడు.

"చావాలని కాదండీ" అన్నాడు నాతో. "అలాగని బతకాలన్న తొందర కూడా లేదు. ఆవిడ ఒక్కతే అంతసేపు కూర్చుంది కదా, నేనూ కూర్చుని చూద్దామనిపించింది. పిచ్చిపని. మీరు నవ్వినా ఏమనుకోను."

నేను నవ్వలేదు.

అరగంట గడిచేసరికి చెమట మొదలైంది. మామూలు చెమట కాదు. చొక్కా పిండితే నీళ్ళు కారేటంత. తర్వాత వాంతి, మళ్ళీ వాంతి. నోట్లో లాలాజలం ఆగకుండా ఊరుతోంది. గుండె చెవుల్లో కొట్టుకుంటున్నట్టుంది. బయట ఎండ కాస్తోంది, లోపల ఆయన పాదాలు మాత్రం మంచుముక్కల్లా అయిపోయాయి. తొమ్మిదింటికి దగ్గు వచ్చింది. దగ్గుతుంటే లోపలెక్కడో నీళ్ళు గలగలమన్నాయి. గాలి పీలిస్తే సగంలో ఆగిపోతోంది. పడుకుందామని మంచం మీద వాలాడు. ఎవరో ముక్కూ నోరూ మూసినట్టయింది. గభాలున లేచి కూర్చున్నాడు.

"అప్పుడు అర్థమైందండీ ఆవిడ ఎందుకు పడుకోలేకపోయిందో. అప్పుడే భయం పుట్టింది. చచ్చేంత భయం. కూర్చుని చూద్దామన్నవాణ్ణి కాస్తా ఎవరన్నా రండర్రా అనుకున్నాను."

అరుద్దామంటే గొంతు లేవలేదు. చేతికందిన సుత్తి తీసుకుని పక్కకొట్టు గోడ మీద కొట్టాడు.

గోడకు అవతల జిరాక్స్ ఆవిడ అప్పుడే కొట్టు తెరిచి మిషను తుడుచుకుంటోంది. ముప్పై అయిదేళ్ళ మనిషి. ఆయన్ని బాబాయ్ అంటుంది. "ఈయన పొద్దున్నే మేకులు కొడుతున్నాడేంటి అనుకున్నానండీ" అని చెప్పింది నాకు. "మేకు కొట్టే చప్పుడైతే వరసగా వస్తుంది కదా. ఇది ఒకటి పడి, చాలాసేపు ఆగి, ఇంకోటి పడుతోంది. ఎందుకో ఒళ్ళు జలదరించింది."

వెళ్ళి చూసింది. కొట్టుకు తాళం కూడా వేయకుండా ఆటో పిలిచి, సందు మొదట్లో ఉన్న ఇద్దరిని సాయం పట్టమని, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది.

ఆసుపత్రి కిటికీ దగ్గర కాగితం నింపుతూ ఒకతను, "పేషెంటుకు మీరేమవుతారు?" అన్నాడు.

"అన్నకూతుర్ని" అంది ఆవిడ తడుముకోకుండా.

"వేరే ఎవరున్నారు?"

"నేనున్నానుగా!" అని గదమాయించింది.

లోపల డాక్టరమ్మ యాభై ఏళ్ళావిడ. వస్తూనే నాడి చూడలేదు, నాలుక చూడలేదు. రెండు అరచేతులతో ఆయన పాదాలు పట్టుకుంది. "ఐసులా ఉన్నాయి" అంది నర్సుతో. ఆ తర్వాత, "తేలు ఎర్రదా నల్లదా?" అనడిగింది. ఆయన మాట్లాడలేక పక్కనున్న దుప్పటి మీది ఎర్రచార చూపించాడు. "ఎన్నింటికి కుట్టింది?" ఏడు వేళ్ళు చూపించాడు. గోడ గడియారం పదింబావు చూపిస్తోంది. ఆవిడ పళ్ళు కొరుకుతూ ఏదో గొణిగింది. తిట్టే అయ్యుంటుంది.

మంచం తలవైపు ఎత్తి ఆయన్ని కూర్చున్నట్టుగా పెట్టారు. ముక్కూ నోరూ కప్పుతూ ఆక్సిజన్ తొడుగు పెట్టారు. ప్రాజోసిన్ అనే చిన్న మాత్ర మింగించారు. చేతికి ఒక సూది ద్వారా సన్నగా మందు ఎక్కించారు. తేలు విషానికి విరుగుడు మందు కూడా ఇచ్చారు. దగ్గితే గులాబిరంగు నురగ వస్తోంది. అది చూసి జిరాక్స్ ఆవిడ వసారాలోకి వెళ్ళి ఏడ్చింది. గుండె స్కాను తీసిన కుర్రడాక్టరు ఆయన గుండె సగానికి సగం కూడా పనిచేయడం లేదన్నాడు.

"ఇంకో గంట అలాగే కూర్చుంటే మేం చేసేదేమీ ఉండేది కాదు" అంది డాక్టరమ్మ. "మంచం దిగొద్దు. మాత్రకు బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. మూడు గంటలకోసారి మాత్ర ఇస్తాం. కాళ్ళు వెచ్చబడేదాకా."

ఇక అక్కణ్ణుంచి ఆయన కాళ్ళే అందరికీ పని. అరగంటకోసారి నర్సు వచ్చి దుప్పటి తొలగించి, పాదాలు పట్టుకుని చూసి, మంచం చివర వేలాడే కాగితంలో రాసుకునేది. చల్లగా. చల్లగా. చల్లగా. ఆమె కాస్త వాగుడుకాయ.

"పొద్దుట్నుంచీ మీ కాళ్ళు పట్టుకోవడమే సరిపోయిందండీ నాకు. ఇన్నిసార్లు మా పెద్దసారు కాళ్ళు పట్టుకునుంటే ఈపాటికి ప్రమోషనొచ్చేది" అంది ఒకసారి.

ఆయన తొడుగు వెనక నవ్వబోయి దగ్గాడు.

"నవ్వకండి బాబూ, మళ్ళీ నన్నే తిడతారు."

పుస్తకం ఇచ్చి పుచ్చుకునేటప్పుడు వేళ్ళు తగలడం తప్ప, ఇంకో మనిషి చెయ్యి తన మీద పడి ఎన్నేళ్ళయిందో ఆయనకు గుర్తు రాలేదు. ముక్కూ మొహం తెలియని పిల్ల వచ్చి పాదాలు పట్టుకుంటోంది. ఆమె వెళ్ళిపోయాక మళ్ళీ అరగంట ఎప్పుడవుతుందా అని ఎదురుచూశాడట. ఆ మాట చెప్పేటప్పుడు తల పక్కకు తిప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున నర్సు దుప్పటి ఎత్తి, పాదం పట్టుకుని, ఇంకో చెయ్యి కూడా వేసి చూసింది. "అమ్మయ్య! వచ్చేశాయండీ మీ కాళ్ళు!" అని గట్టిగా అంది. పక్క మంచం మీదాయన ఉలిక్కిపడి లేచి, తన కాళ్ళు చూసుకున్నాడు.

మూడో రోజు ఆక్సిజన్ తీసేశారు. డాక్టరమ్మ తీరిగ్గా వచ్చినప్పుడు ఆయన అడిగాడు. "కుట్టింది వేలికి కదమ్మా. గుండెకెందుకు వచ్చింది?"

ఆవిడ మంచం అంచున కూర్చుని విడమరచి చెప్పింది. ఎర్రతేలు విషం ఒంట్లోని నరాలన్నిటినీ ఒక్కసారి రెచ్చగొడుతుంది. రక్తనాళాలన్నీ బిగుసుకుపోతాయి. అందుకే కాళ్ళూ చేతులూ చల్లబడతాయి. మూసిన తలుపును భుజంతో నెట్టినట్టు గుండె ఆ బిగువు మీద నెట్టి నెట్టి అలిసిపోతుంది. విషం గుండె కండను కూడా దెబ్బతీస్తుంది. అప్పుడు నీరు వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లో చేరుతుంది. మాత్ర ఆ నాళాలను వదులు చేస్తుంది. నల్లతేలు చూడ్డానికి భయంకరంగా ఉంటుంది గానీ అది చేసేది తక్కువ. ఈ ఎర్రది చూడ్డానికి ఏమీ ఉండదు.

"మీ గుండె కోలుకుంటుంది. ఇది మామూలు గుండెపోటు లాంటిది కాదు. కొన్ని వారాలు పడుతుంది, అంతే" అంది.

ఆయన, "ముప్పై ఆరేళ్ళ కిందట ఒకావిణ్ణి కుట్టింది" అన్నాడు. "ఇరవై నాలుగేళ్ళు. పొద్దున కుట్టింది, సాయంత్రం తీసుకెళ్ళారు. రెండు సీసాలు సెలైన్ ఎక్కించారు."

డాక్టరమ్మ ఆయన మొహంలోకి చూసింది. "నురగ వచ్చాకా ఎక్కించారా?"

"ఆఁ."

"ఆ రోజుల్లో ఈ మందు సంగతి చాలాచోట్ల తెలియదు. నాడి అందకపోతే సెలైన్ పెట్టడమే తెలుసు. ఊపిరితిత్తుల్లో నీరున్నప్పుడు అది మంచిది కాదు. తెలిసి చేసింది కాదు కదా."

"పొద్దున్నే తీసుకెళ్ళుంటే బతికేదా అమ్మా?"

"తెలీదండీ" అంది ఆవిడ. "బతికేదేమో, బతికేది కాదేమో. మీకు ఊరటగా ఉంటుందని ఏదో ఒకటి చెప్పలేను. మీకేమవుతారు ఆవిడ?"

"మా ఆవిడ" అన్నాడు. ముప్పై ఆరేళ్ళలో ఆ మాట అనడం అదే మొదటిసారి.

ఎనిమిదో రోజు ఇంటికి పంపారు. గుండెకు కొన్ని మాత్రలిచ్చి, ఆరు వారాలు బరువులెత్తొద్దన్నారు. ఇనప మర చక్రం తిప్పడానికి వీల్లేదు. జిరాక్స్ ఆవిడ పొద్దునా సాయంత్రం వచ్చి చూసి పోయేది. ఆవిడకు తన ఇల్లుంది, పిల్లలున్నారు. మిగతా పొద్దంతా ఆయన ఆ కుర్చీలో కూర్చుని గోడకేసి చూసేవాడు. బావమరిది దగ్గరికి వెళ్ళి నిజం చెప్పాలని అప్పుడే నిర్ణయించుకున్నాడట. నాలుగో వారం డాక్టరమ్మను అడిగాడు, రెండు గంటలు బస్సులో ప్రయాణం చేయొచ్చా అని. కిటికీ పక్కన కూర్చోండి, మెల్లగా నడవండి అంది.

బావమరిదిది అద్దాల కొట్టు. మామగారు పెట్టిందే. కిటికీలకు అద్దాలు కోస్తారు, పటాలు కడతారు. అది ఎక్కడుందో ఆయనకు ముప్పై ఆరేళ్ళూ తెలుసు. వెళ్ళేసరికి పదకొండయింది. బల్ల మీద నిలువెత్తు అద్దం పరిచి, కొలబద్ద ఆనించి, నెత్తి నెరిసిన మనిషి గీత గీస్తున్నాడు. గీత మధ్యలో ఆగితే అద్దం అడ్డదిడ్డంగా విరుగుతుంది. అందుకని తలెత్తకుండానే, "ఒక్క నిమిషమండీ" అన్నాడు. ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. ముక్కు చూస్తే భార్య ముక్కే. గీత పూర్తయింది. అద్దం టక్కున విడిపోయింది.

"చెప్పండి. ఏం కావాలి?"

"నేను... బావను."

"ఏ బావ?" అన్నాడతను. అని, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి దగ్గరికొచ్చి చూశాడు. "నాకు ఉన్నది ఒక్కడే బావ. ఆయన ఎప్పుడో పోయాడనుకున్నాం" అన్నాడు.

స్టూలు జరిపాడు. ఆయన కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేననుకున్నాడు.

"నేను పనికెళ్ళాక కుట్టిందని మీకు చెప్పాను. అబద్ధం. నేనింట్లో ఉండగానే కుట్టింది. నా దగ్గరికొచ్చి చూపించింది. ఏం కాదు పడుకోమని చెప్పి వెళ్ళాను. నవ్వి మరీ వెళ్ళాను."

బావమరిది చేతిలో ఇంకా అద్దం ముక్క ఉంది. దాన్ని నెమ్మదిగా గోడకు ఆనించాడు. చేతులు తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు.

"అత్తయ్య?" అన్నాడు ఆయన.

"పోయి పదకొండేళ్ళు. నువ్వు రావడం మానేస్తే అమ్మ ఏమనుకుందో తెలుసా? మనమేదో అన్నాం, అల్లుడు నొచ్చుకున్నాడు అనుకుంది. ఆ వారం రోజుల్లో తనన్న ప్రతి మాటా గుర్తుచేసుకుని, 'ఇదంటావా? ఇదేమో?' అని నన్నడిగేది. ఏళ్ళ తరబడి అడిగింది బావా. చివరి రోజుల్లో కూడా."

ఆయన దీనికి సిద్ధపడి రాలేదు. తిడతాడని, గెంటేస్తాడని అనుకున్నాడు. ఇన్నేళ్ళూ తన పాపం తను మోస్తున్నాననుకున్నాడు. దాంట్లో కొంత ఇంకో ఇంట్లో ఇంకొకావిడ మోసిందని ఇప్పుడు తెలిసింది. స్టూలు మీద కూలబడ్డాడు.

"ఆ ముక్క అప్పుడే చెప్పుంటే నిన్ను కొట్టేవాణ్ణి" అన్నాడు బావమరిది. "నిజంగా కొట్టేవాణ్ణి. నాలుగు పళ్ళు రాలగొట్టేవాణ్ణి. రెండేళ్ళో మూడేళ్ళో మాట్లాడేవాణ్ణి కాదు. ఆ తర్వాత మాట్లాడుకునేవాళ్ళం. ఇంత చిన్న సంగతి తెలీలేదా నీకు?"

"ఇప్పుడు కొట్టు."

"ముసలాడివైపోయావు. ఎక్కడని కొట్టను?"

అప్పుడు చెప్పాడు తేలు కుట్టిన సంగతి, ఆసుపత్రి సంగతి. బావమరిది అంతా విని, వీధిలోకి వెళ్ళి రెండు టీలు పట్టుకొచ్చాడు. ఎవరో పటం కట్టించుకోవడానికి వస్తే రేపు రమ్మని పంపేశాడు.

బస్సు దాకా కూడా వచ్చాడు. ఎండలో ఇద్దరూ నిలబడ్డారు. బస్సు కనిపిస్తుండగా, "చివర్లో అక్క ఏమన్నా అందా?" అనడిగాడు.

"'ఏం కాదు కదండీ' అని అడిగింది."

"నువ్వేమన్నావు?"

"ఏం కాదన్నాను."

బావమరిది మొహం అటు తిప్పుకున్నాడు. బస్సు వచ్చింది. ఆయన ఎక్కి కూర్చుని కిటికీలోంచి చూస్తే అతను అప్పటికే వెనక్కి తిరిగి నడుస్తున్నాడు. నాలుగడుగులు వేసి ఆగాడు. తిరిగి చూడలేదు. బస్సు కదిలింది.

ఆరు వారాలు పూర్తయ్యాక మళ్ళీ స్కాను తీశారు. డాక్టరమ్మ తెర మీద చూపించి, "ఇదిగో, మీ గుండె. చక్కగా కొట్టుకుంటోంది. ఇక మాత్రలు ఆపేయొచ్చు" అంది. మంచి వార్తే. చెప్పుకోవడానికి పక్కన ఎవరూ లేరు. ఆ రోజు జిరాక్స్ ఆవిడ పిల్లవాడికి జ్వరం. ఆయన కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని నడుచుకుంటూ వచ్చేశాడు. దారిలో మా లైబ్రరీ తగిలితే లోపలికొచ్చాడు. ఇరవై ఏళ్ళలో పుస్తకం లేకుండా ఉత్తచేతులతో రావడం అదే మొదలు. "కూర్చోవచ్చా?" అనడిగాడు. ఆ మధ్యాహ్నమే ఇదంతా చెప్పడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు అట్టల కట్టలు తీసేముందు కర్రతో కొట్టి, మందపాటి తొడుగులు వేసుకుని తీస్తాడు. సందులో ఎవరికైనా తేలు కుట్టిందని తెలిస్తే చాలు, చేతిలో పని పడేసి వెళ్ళి, రంగు అడగకుండానే ఆటో ఎక్కిస్తాడు. ఇప్పటికి ఇద్దరిని అలా ఎక్కించాడు. ఒకతన్ని కుట్టింది జెర్రి అని తర్వాత తేలింది. సందంతా నవ్వింది. ఆయనా నవ్వాడు.

బావమరిది ఒకసారి వచ్చాడు. ఒక పూట ఉన్నాడు. ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏమీ దొరకలేదు. చనిపోయినవాళ్ళ గురించి మాట్లాడితే బాధ, బతికున్నవాళ్ళ గురించి ఒకరి సంగతి ఒకరికి ఏమీ తెలియదు. కొట్టు కిటికీకి పగిలిన అద్దం కొలత తీసుకెళ్ళాడు. అదింకా రాలేదు.

ఆదివారం మాత్రం ఫోను చేస్తాడు. నేనొకసారి అక్కడే ఉన్నాను. "తిన్నావా?" "తిన్నా. నువ్వు?" "ఆఁ." "వాన పడిందా అక్కడ?" "లేదు." అంతటితో మాటలైపోయాయి. "పెట్టేయనా?" అన్నాడు అవతలి నుంచి. "ఊఁ, పెట్టెయ్" అన్నాడు ఈయన. ఇద్దరిలో ఎవరూ పెట్టలేదు. ఆయన ఫోను చెవికి ఆనించుకుని, సగం కుట్టిన పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, అలాగే కూర్చున్నాడు. నేను చప్పుడు కాకుండా లేచి వచ్చేశాను.